జియోయిడ్ ఆధారిత ఎత్తుల వ్యవస్థ

జియోయిడ్ ఆధారిత ఎత్తుల వ్యవస్థ అనగా, ఒక దేశంలోని ప్రదేశాల ఎత్తులను సముద్ర తీరం నుండి నేలమీద అంచెలంచెలుగా కొలుచుకుంటూ పోవడానికి బదులుగా, గురుత్వాకర్షణ కొలతల నుండి లెక్కగట్టిన ఒక మట్టపు ఉపరితలాన్ని ఆధారంగా తీసుకొని, ఉపగ్రహ స్థాన నిర్ణయ పద్ధతి (జీపీఎస్ మొదలైనవి) ద్వారా నిర్ణయించే విధానం. ఈ మట్టపు ఉపరితలాన్నే జియోయిడ్ అంటారు. కెనడా 2013లోను, న్యూజీలాండ్ 2009 నుండి రెండు దశలలోను ఈ విధానానికి మారాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఇదే ఉద్దేశంతో 2007లో ఒక బృహత్ ప్రణాళికను చేపట్టాయి. కాలువల త్రవ్వకం, వరద అంచనా, ఆనకట్టల నిర్మాణం, తీరప్రాంత రక్షణ వంటి పనులన్నిటికీ సరియైన ఎత్తులే పునాది కనుక ఈ మార్పునకు ఎంతో ప్రాముఖ్యత ఉన్నది.

ఎత్తు అంటే ఏమిటి?

రైల్వే స్టేషన్లలో ఊరి పేరు వ్రాసిన పలకమీద, పేరుకు దిగువన, సముద్ర మట్టం నుండి ఆ ఊరి ఎత్తు కూడా వ్రాసి ఉండడం చాలామంది చూసే ఉంటారు. నాగార్జునసాగర్ జలాశయపు పూర్తి నీటిమట్టం 590 అడుగులు అన్నప్పుడు ఆ లెక్క జలాశయపు అడుగు నుండి వేసినది కాదు. సగటు సముద్ర మట్టం నుండి వేసినది. అయితే సముద్రం తీరంలో ఉన్నది, జలాశయం నల్లమల కొండల నడుమ ఉన్నది. సముద్రం లేని చోట సముద్ర మట్టం ఎక్కడ ఉన్నట్లు?

దీనికి ఒక ఊహ సహాయపడుతుంది. సముద్రం నుండి భూభాగం లోపలికి అన్ని దిక్కులా లోతైన ఇరుకు కాలువలు త్రవ్వినట్లు, వాటిలోనికి సముద్రపు నీరు వచ్చి నిలిచినట్లు అనుకోవాలి. పోటుపాట్లు, గాలి, ప్రవాహాలు ఏవీ లేకుండా ఆ నీరు నిశ్చలంగా ఉంటే, దాని ఉపరితలం భూగోళమంతటా ఒకే అవిచ్ఛిన్న తలంగా ఏర్పడుతుంది. అదే జియోయిడ్. జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ 1828లో భూమి యొక్క గణిత రూపంగా ఈ భావననే ప్రతిపాదించాడు. ఆయన శిష్యుడైన లిస్టింగ్ 1870వ దశకంలో దానికి జియోయిడ్ అనే పేరు పెట్టాడు.

భౌతికశాస్త్ర పరిభాషలో జియోయిడ్ ఒక సమశక్మ తలం. అనగా దానిమీద ప్రతి బిందువు వద్ద గురుత్వ శక్మం ఒకటే. తాపీమేస్త్రీ వాడే తూకపు గుండు ఏ దిక్కుకు వ్రేలాడుతుందో ఆ దిక్కుకు ఈ తలం ఎల్లప్పుడూ లంబంగా ఉంటుంది. రసమట్టంలోని బుడగ మధ్యకు వచ్చినప్పుడు అది చూపించేది కూడా ఆ చోటి సమశక్మ తలాన్నే. ఒకే సమశక్మ తలంమీద ఉన్న రెండు చోట్ల మధ్య నీరు తనంత తాను ప్రవహించదు.

నీటికి ఎగువ, దిగువ అనేవి భూకేంద్రం నుండి ఉన్న దూరాన్ని బట్టి ఏర్పడవు అన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఉత్తర అమెరికాలోని మిసిసిపీ నది ఉత్తరం నుండి దక్షిణానికి ప్రవహిస్తుంది. భూమి మధ్యరేఖ వద్ద ఉబ్బెత్తుగా ఉండుట వలన ఆ నది సముద్రంలో కలిసే చోటు, అది పుట్టిన చోటు కన్నా భూకేంద్రానికి సుమారు 6 కి.మీ. ఎక్కువ దూరంలో ఉన్నది. అయినను నది ప్రవాహం ఆగలేదు. ఎందుకనగా నీటిని నడిపించేది దూరం కాదు, గురుత్వ శక్మంలోని తేడా. కనుక ఎత్తు అనే మాటకు ఉపయోగకరమైన అర్థం కావాలంటే అందులో గురుత్వాకర్షణ తప్పనిసరిగా ఉండవలెను.

లెవెలింగ్ పద్ధతి, దాని పరిమితులు

సుమారు రెండు వందల సంవత్సరాలుగా దేశాలన్నీ ఎత్తులను లెవెలింగ్ పద్ధతిలోనే కొలుస్తూ వచ్చాయి. తీరంలో అలల కొలత కేంద్రం వద్ద సముద్ర మట్టాన్ని ఏళ్ళ తరబడి నమోదు చేసి సగటు తీస్తారు. చంద్రుని కక్ష్యలోని మార్పులు 18.6 సంవత్సరాలకు ఒక ఆవృత్తిని పూర్తిచేస్తాయి కనుక 19 సంవత్సరాల సగటును ఉత్తమంగా భావిస్తారు. అక్కడి నుండి లెవెల్ యంత్రాన్ని మధ్యన నిలిపి, ముందొకటి వెనుకొకటి కొలకర్రలు (స్టాఫ్) పెట్టి, రెండింటి అంకెల తేడాను వ్రాసుకుంటూ ముందుకు సాగుతారు. దారిలో రాతిమీదనో, వంతెన గోడమీదనో, ప్రత్యేకంగా పాతిన స్తంభంమీదనో బెంచి మార్కులు ఏర్పరుస్తారు. తరువాత వచ్చే ఇంజనీర్లు దగ్గరలోని బెంచి మార్కు నుండి తమ పని ప్రారంభిస్తారు.

ఈ పద్ధతి కొద్ది దూరాలకు అత్యంత కచ్చితమైనది. కాని దేశమంతటికీ విస్తరించినప్పుడు కొన్ని చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది, దోషాలు పోగుపడడం. యంత్రం నుండి కొలకర్ర వరకు దూరం 50 మీటర్లు అనుకొంటే, 1000 కి.మీ. దూరానికి యంత్రాన్ని పదివేల సార్లు నిలపాలి. ఎండకు కాగిన నేల పైన గాలిలో కాంతి వంగడం, కొలకర్ర వ్యాకోచించడం వంటి కారణాల వలన ప్రతిసారి వచ్చే దోషం వెంట్రుకవాసి అయినా, అది ఒకే దిశలో ఉంటే పోగై చివరకు పెద్దదవుతుంది.

రెండవది, సమశక్మ తలాలు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోవడం. గురుత్వాకర్షణ ధ్రువాల వద్ద ఎక్కువ, మధ్యరేఖ వద్ద తక్కువ. అందువలన ఈ తలాలు ధ్రువాల వైపు దగ్గరగాను, మధ్యరేఖ వైపు ఎడంగాను ఉంటాయి. మధ్యరేఖ వద్ద జియోయిడ్ నుండి 1000 మీ. ఎత్తున ఉన్న ఒక సమశక్మ తలం ధ్రువం వద్దకు చేరేసరికి సుమారు 995 మీటర్ల ఎత్తుననే ఉంటుంది. కనుక గురుత్వాన్ని లెక్కలోకి తీసుకోకుండా కేవలం కొలకర్రల తేడాలను కూడితే, ఒక దారిన వెళ్ళినప్పుడు ఒక ఎత్తు, మరొక దారిన వెళ్ళినప్పుడు ఇంకొక ఎత్తు వస్తాయి.

మూడవది, సముద్రమే మట్టంగా లేకపోవడం. ఉష్ణోగ్రత, లవణీయత, గాలులు, ప్రవాహాల వలన సగటు సముద్ర మట్టం జియోయిడ్ నుండి చోటును బట్టి ఒక మీటరుకు పైగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అనేక రేవులలోని సముద్ర మట్టాన్ని సున్నాగా భావించి వాటన్నిటినీ కలిపితే, సముద్రంలోని ఆ వంకర అంతా దేశపు ఎత్తులలోనికి ప్రవేశిస్తుంది.

నాలుగవది, బెంచి మార్కుల స్థిరత్వం. రహదారుల విస్తరణలో చాలా గుర్తులు నాశనమవుతాయి. మిగిలినవాటిలో కొన్ని భూగర్భ జలాలను తోడడం వలనను, డెల్టా నేల అణగడం వలనను క్రుంగిపోతాయి. గుర్తుమీద చెక్కిన అంకె మారదు గాని, గుర్తు ఉన్న నేల మారుతుంది. తిరిగి దేశమంతటా లెవెలింగ్ చేయాలంటే దశాబ్దాల కాలం, అపారమైన ధనం కావాలి.

ఉపగ్రహాలు తెలిపే ఎత్తు

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తున భూమిని చుట్టివస్తుంటాయి. రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, చైనా వారి బైదూ, భారతదేశపు నావిక్ కూడా ఇటువంటివే. సర్వే పనులకు వాడే రిసీవర్లను ఒకచోట కొన్ని గంటలపాటు నిలిపి ఉంచితే, ఆ స్థానాన్ని సెంటీమీటర్ల లోపు దోషంతో తెలుసుకొనవచ్చును. దారి పొడవునా కొలుచుకుంటూ పోవలసిన అవసరం లేదు. కొండ శిఖరమైనా, దట్టమైన అడవి నడుమ ఖాళీ స్థలమైనా, ఆకాశం కనిపిస్తే చాలును.

అయితే ఈ విధంగా లభించే ఎత్తు సముద్ర మట్టం నుండి వచ్చినది కాదు. అది ఎలిప్సాయిడ్ అనే గణిత రూపం నుండి లెక్కించినది. భూమిని ధ్రువాల వద్ద కొద్దిగా నొక్కిన నునుపైన గోళంగా భావిస్తే వచ్చే రూపమే ఎలిప్సాయిడ్. దాని మధ్యరేఖా వ్యాసార్ధం 6378.137 కి.మీ., ధ్రువ వ్యాసార్ధం సుమారు 6356.752 కి.మీ. ఇది కేవలం జ్యామితి. దీనికి నీటి ప్రవాహంతో సంబంధం లేదు.

జియోయిడ్ అంత నునుపైనది కాదు. భూమి లోపల బరువైన శిలలున్న చోట పైకి ఉబ్బి, తేలిక శిలలున్న చోట క్రిందికి దిగి ఉంటుంది. న్యూగినియా పరిసరాలలో అది ఎలిప్సాయిడ్ కన్నా సుమారు 85 మీ. పైన ఉన్నది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో సుమారు 106 మీ. దిగువన ఉన్నది. ప్రపంచం మొత్తంమీద అతి లోతైన జియోయిడ్ పల్లం ఇదే. దీని ప్రభావం దక్షిణ భారతదేశమంతటా ఉన్నది. హైదరాబాదులో జియోయిడ్ ఎలిప్సాయిడ్‌కు 70 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. విశాఖపట్నం తీరాన అలల అంచున నిలిచి సవరణ లేని జీపీఎస్ ఎత్తును చూస్తే అనేక పదుల మీటర్ల ఋణ సంఖ్య కనిపించడానికి కారణం ఇదే. అది యంత్రపు లోపం కాదు.

ఈ మూడింటికి గల సంబంధం మిక్కిలి సులభమైనది:

సముద్ర మట్టం నుండి ఎత్తు = ఎలిప్సాయిడ్ నుండి ఎత్తు − ఎలిప్సాయిడ్ నుండి జియోయిడ్ ఎత్తు

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక జలాశయం వద్ద జీపీఎస్ ఎత్తు 100.00 మీ., అక్కడి జియోయిడ్ ఎత్తు −70.00 మీ. అనుకొందాం. అక్కడికి 20 కి.మీ. దూరంలోని గ్రామంలో జీపీఎస్ ఎత్తు 99.60 మీ., జియోయిడ్ ఎత్తు −70.70 మీ. జీపీఎస్ అంకెలు మాత్రమే చూస్తే గ్రామం 40 సెం.మీ. పల్లంలో ఉన్నట్లు కనిపిస్తుంది. కాని పై సూత్రం ప్రకారం జలాశయం వద్ద సరియైన ఎత్తు 170.00 మీ., గ్రామంలో 170.30 మీ. అనగా గ్రామమే 30 సెం.మీ. మెరకలో ఉన్నది. మొదటి లెక్కను నమ్మి కాలువ త్రవ్వితే నీరు గ్రామానికి చేరదు. జియోయిడ్ ఎంత కచ్చితంగా తెలిస్తే జీపీఎస్ ఎత్తు అంత ఉపయోగపడుతుంది అనడానికి ఇది నిదర్శనం.

గురుత్వాకర్షణను కొలిచే విధానాలు

గురుత్వ త్వరణం మధ్యరేఖ వద్ద సెకనుకు సెకనుకు సుమారు 9.78 మీ., ధ్రువాల వద్ద సుమారు 9.83 మీ. ఉంటుంది. సూక్ష్మమైన తేడాలను చెప్పుటకు గెలీలియో పేరిట ఏర్పడిన గాల్ అనే ప్రమాణాన్ని వాడతారు. సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు త్వరణం ఒక గాల్. అందులో వెయ్యవ వంతు మిల్లీగాల్. అనగా మిల్లీగాల్ మొత్తం గురుత్వంలో దాదాపు పది లక్షలలో ఒక వంతు. సుమారు మూడు మీటర్లు పైకి ఎక్కితేనే గురుత్వం ఒక మిల్లీగాల్ తగ్గుతుంది.

నేలమీద: పూర్వం లోలకపు డోలన కాలాన్ని కొలిచి గురుత్వాన్ని కనుగొనేవారు. తరువాత స్ప్రింగుకు వ్రేలాడే బరువు సాగుదలను గమనించే గ్రావిమీటర్లు వచ్చాయి. ఇవి రెండు చోట్ల మధ్య తేడాను మాత్రమే తెలుపుతాయి. శూన్యంలో ఒక వస్తువును జారవిడిచి అది పడే వేగాన్ని లేజరుతో కొలిచే నిరపేక్ష గ్రావిమీటర్లు గురుత్వం యొక్క అసలు విలువనే ఇస్తాయి.

విమానం నుండి: కొండలు, అడవులు, చిత్తడి నేలలు, తీరం దగ్గరి లోతు తక్కువ సముద్రం వంటి చోట్ల నేలమీద కొలవడం కష్టం. అక్కడ విమానంలో గ్రావిమీటరును అమర్చి సమాంతర రేఖలలో ప్రయాణిస్తారు. విమానపు కుదుపులు, మలుపులు కొలవదలచిన గురుత్వ తేడాల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. విమానం ప్రతి క్షణం ఎక్కడ ఉన్నదో జీపీఎస్ ద్వారా తెలుసుకొని, దాని స్వంత త్వరణాన్ని లెక్కించి తీసివేస్తే అసలు గురుత్వం మిగులుతుంది. ఉపగ్రహ స్థాన నిర్ణయం లేనిదే ఈ విధానం ఇంత కచ్చితంగా సాధ్యమయ్యేది కాదు.

అంతరిక్షం నుండి: 2002 మార్చి 17న ప్రయోగించబడిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కి.మీ. ఎడంతో ప్రయాణించాయి. ముందున్న ఉపగ్రహం బరువైన భూభాగాన్ని సమీపించినప్పుడు కొద్దిగా ముందుకు లాగబడుతుంది, ఎడం పెరుగుతుంది. ఈ ఎడంలోని సూక్ష్మమైన మార్పుల నుండి భూ గురుత్వ క్షేత్రాన్ని లెక్కించారు. ఇవి 2017 వరకు పనిచేశాయి. వాటి వారసులుగా మరొక జంట 2018లో కక్ష్యకు చేరినది. ఐరోపా వారి గోచే ఉపగ్రహం 2009 నుండి 2013 వరకు సుమారు 255 కి.మీ. ఎత్తునే తిరుగుతూ గురుత్వపు వాలును నేరుగా కొలిచినది.

ఉపగ్రహాలు ఎంతో ఎత్తున ఉంటాయి కనుక వంద కిలోమీటర్లు, అంతకు మించిన విస్తీర్ణంలోని ఎగుడుదిగుడులను మాత్రమే బాగా పసిగట్టగలవు. ఒక కొండ, ఒక లోయ కలిగించే చిన్న మార్పులకు నేలమీది కొలతలే శరణ్యం. రెండింటికీ నడుమ వంతెనగా విమాన కొలతలు ఉపయోగపడతాయి.

కొలతల నుండి జియోయిడ్

భూమి అంతటా గురుత్వం తెలిస్తే జియోయిడ్ రూపాన్ని గణితం ద్వారా రాబట్టవచ్చునని ఐరిష్ శాస్త్రవేత్త స్టోక్స్ 1849లో నిరూపించాడు. ఒక చోటి జియోయిడ్ ఎత్తుకు సమీపంలోని గురుత్వ తేడాలు ఎక్కువగాను, దూరపువి తక్కువగాను తోడ్పడతాయి. ప్రపంచమంతటి కొలతలు ఆనాడు లేవు గనుక ఈ సూత్రం చాలాకాలం సిద్ధాంతంగానే మిగిలినది. ఉపగ్రహ యుగంలో దూర ప్రాంతాల లెక్క ఉపగ్రహాల నుండి, దగ్గరి ప్రాంతాల లెక్క నేల, విమాన కొలతల నుండి తీసుకునే వీలు కలిగినది. 2008లో అమెరికా వారు విడుదల చేసిన ఈజీఎం 2008 అనే ప్రపంచ నమూనా సుమారు 9 కి.మీ. సూక్ష్మతతో జియోయిడ్‌ను చూపించినది.

లెక్కించిన జియోయిడ్ సరియైనదో కాదో తెలుసుకునేందుకు ఒక మార్గం కలదు. ఒక పొడవైన దారిని ఎంచుకొని, అందులోని అనేక బిందువుల వద్ద జీపీఎస్ ఎత్తును, లెవెలింగ్ ఎత్తును వేరువేరుగా కొలుస్తారు. రెండింటి తేడా ఆ చోటి జియోయిడ్ ఎత్తు కావలెను. అమెరికాలో ఇటువంటి పరీక్షలు 2011లో టెక్సాస్‌లో, 2014లో అయోవాలో, 2017లో పర్వతమయమైన కొలరాడోలో జరిగాయి. టెక్సాస్‌లో సుమారు 325 కి.మీ. పొడవున జరిగిన పరీక్షలో విమాన కొలతలను చేర్చిన తరువాత జియోయిడ్ వాలు సుమారు ఒక సెంటీమీటరు కచ్చితత్వంతో సరిపోయినది.

భారతదేశంలో చరిత్ర

గురుత్వాకర్షణ సర్వే కొలతలను ఏ విధంగా ప్రభావితం చేస్తుందో ప్రపంచానికి స్పష్టంగా తెలిపినది భారతదేశమే అనవచ్చును. 1802లో మద్రాసు వద్ద లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితీయ సర్వేను ఎవరెస్టు ఉత్తరాదికి కొనసాగించాడు. మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్, హిమాలయాల సమీపంలోని కలియానా అనే రెండు కేంద్రాల మధ్య అక్షాంశ భేదాన్ని త్రికోణాల ద్వారా ఒకసారి, నక్షత్రాల ద్వారా ఒకసారి కనుగొనగా, రెండింటికీ 5.24 సెకనుల (కోణమానంలో) తేడా వచ్చినది. ఇది నేలమీద సుమారు 160 మీటర్లకు సమానం. హిమాలయాల ఆకర్షణ వలన తూకపు గుండు ప్రక్కకు లాగబడడమే దీనికి కారణమని కలకత్తాలోని క్రైస్తవ మతాధికారి, గణితజ్ఞుడు అయిన ప్రాట్ తలచి లెక్కవేశాడు. అతని లెక్క ప్రకారం తేడా సుమారు 15.9 సెకనులు రావలెను. కొండలు ఆకర్షించవలసిన దానిలో మూడవ వంతే ఆకర్షిస్తున్నట్లు తేలినది. పర్వతాల క్రింద తేలికైన శిలల వేళ్ళు లోతుగా దిగి ఉంటాయని 1855లో ఎయిరీ దీనిని వివరించాడు. ఐసోస్టసీ (సమస్థితి) అనే భూభౌతిక సిద్ధాంతం ఈ చర్చ నుండే పుట్టినది.

1865లో భారతదేశంలో లోలకాలతో గురుత్వాన్ని కొలిచే పని మొదలైనది. దానికి బాధ్యుడైన కెప్టెన్ బసేవి 1871లో లడఖ్ ప్రాంతంలో సుమారు 17,000 అడుగుల ఎత్తున పరిశీలనలు చేయడానికి వెళ్ళి, అక్కడి చలికి, అలసటకు అనారోగ్యం పాలై మరణించాడు.

దేశంలో కచ్చితమైన లెవెలింగ్ 1858లో ప్రారంభమైనది. అర్ధ శతాబ్దపు కొలతలను కలిపి 1909లో జాతీయ ఎత్తుల వ్యవస్థను రూపొందించారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒరిస్సా తీరంలోని ఫాల్స్ పాయింట్ అనే తొమ్మిది రేవులలోని సగటు సముద్ర మట్టాన్ని ఇందులో సున్నాగా తీసుకున్నారు. ఆనాడు కొలిచిన గురుత్వ విలువలు స్వల్పం కనుక, అక్షాంశాన్ని బట్టి సూత్రం ద్వారా వచ్చే సాధారణ విలువలను వాడారు. పైన చెప్పిన సముద్రపు వంకర, గురుత్వపు తేడాల సమస్యలు రెండూ ఈ వ్యవస్థలో కలవు.

హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1970వ దశకంలో భారతదేశపు గురుత్వ పటాలను ప్రచురించినది. జియోయిడ్ నిర్ణయం, లెవెలింగ్ పనులు డెహ్రాడూన్ కేంద్రంగా గల సర్వే ఆఫ్ ఇండియా నిర్వహిస్తుంది. ఈ సంస్థ దేశమంతటా నిరంతరం పనిచేసే ఉపగ్రహ సంకేత కేంద్రాలను (కోర్స్) నెలకొల్పినది. 2022లో ప్రకటించిన జాతీయ భూస్థానిక విధానం 2030 నాటికి మైదాన ప్రాంతాలకు 25 సెం.మీ. కచ్చితత్వం గల ఎత్తుల నమూనాను లక్ష్యంగా పెట్టుకున్నది. ఇంతటి కచ్చితత్వానికి మంచి జియోయిడ్ అత్యవసరం.

ఉత్తర అమెరికాలో

అమెరికా, కెనడాలలోని 26 అలల కొలత కేంద్రాలను సున్నాగా తీసుకొని 1929లో ఒక వ్యవస్థ ఏర్పడినది. సముద్ర మట్టాలు ఒకదానితో ఒకటి పొసగవని తేలిన తరువాత, కెనడాలోని రిమూస్కీ వద్ద ఒకే ఒక్క బిందువును ఆధారంగా తీసుకొని ఉత్తర అమెరికా నిలువు ప్రమాణం 1988ను రూపొందించారు. ఇది అమెరికాలో 1993లో అధికారికమైనది. కెనడా దీనిని స్వీకరించలేదు.

గ్రేస్ ఉపగ్రహాల నుండి జియోయిడ్ తెలిసిన తరువాత ఈ వ్యవస్థలో సగటున అర మీటరు దోషం ఉన్నదని, ఆగ్నేయం నుండి వాయవ్యానికి సుమారు ఒక మీటరు మేర అది ఒరిగి ఉన్నదని బయటపడినది. ఖండం ఒక చివర నుండి మరొక చివరకు లెవెలింగ్ దోషాలు పోగుపడడమే దీనికి ముఖ్య కారణం. అలాస్కా వంటి ప్రాంతాలలో లెవెలింగ్ రేఖలే అరుదు.

తిరిగి లెవెలింగ్ చేయుట అసాధ్యమని భావించి, అమెరికా జాతీయ జియోడెటిక్ సర్వే 2007 డిసెంబరులో గ్రావ్-డి అనే ప్రణాళికను ప్రకటించినది. దేశమంతటిపైన, దీవులతో సహా, విమానాల ద్వారా గురుత్వాన్ని కొలిచి, వీలైన చోట్ల 2 సెం.మీ. కచ్చితత్వంతో ఎత్తులు లభించేటట్లు చేయడం దీని లక్ష్యం. క్రొత్త వ్యవస్థను 2022లో అమలు చేయాలని మొదట నిర్ణయించినందున దాని పేరులో 2022 చేరినది. పని ఆలస్యమైనను పేరు మార్చలేదు.

కెనడా 2013 నవంబరులోనే తన జియోయిడ్ ఆధారిత వ్యవస్థను విడుదల చేసినది. విశాలమైన ఆ దేశపు ఉత్తర భాగంలో లెవెలింగ్ రేఖలు లేనందున అక్కడివారికి మొదటిసారిగా దక్షిణ ప్రాంతంతో సమానమైన ఎత్తుల ఆధారం లభించినది. హడ్సన్ అఖాతం పరిసరాలలో మంచుయుగపు బరువు తొలగిన నేల ఇప్పటికీ ఏటా సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తున్నందున, అక్కడ స్థిరమైన బెంచి మార్కులపై ఆధారపడడం ఎలాగూ కష్టమే.

ఇతర దేశాలలో

న్యూజీలాండ్‌లో పూర్వం రేవుకొక ఆధారం చొప్పున 13 స్థానిక ఎత్తుల వ్యవస్థలు ఉండేవి. 2009లో జియోయిడ్ ఆధారంగా వాటిని కలిపే వ్యవస్థ వచ్చినది. దేశమంతటా విమాన గురుత్వ సర్వే జరిపిన తరువాత 2016లో మెరుగైన వ్యవస్థను ప్రవేశపెట్టారు.

జర్మనీ ఎత్తులు ఆమ్‌స్టర్‌డామ్ సముద్ర మట్టం నుండి, స్విట్జర్లాండ్ ఎత్తులు మధ్యధరా సముద్ర మట్టం నుండి వచ్చినవి. రెండింటికీ 27 సెం.మీ. తేడా. రైన్ నదిమీద లౌఫెన్‌బర్గ్ వద్ద రెండు దేశాలు కలిసి వంతెన కడుతుండగా, ఈ తేడా తెలిసియున్నను సవరణను కలపవలసిన చోట తీసివేశారు. 2003లో రెండు వైపుల పనులకు 54 సెం.మీ. తేడా వచ్చినట్లు కనుగొని ఒకవైపు పనిని సవరించవలసి వచ్చినది. దేశాలన్నిటికీ ఉమ్మడి ఆధారం కొరకు అంతర్జాతీయ జియోడెసీ సంఘం 2015లో జియోయిడ్ వద్ద గురుత్వ శక్మం విలువను నిర్ణయించినది.

ఎవరెస్టు శిఖరం ఎత్తు 8848.86 మీ. అని నేపాల్, చైనా 2020 డిసెంబరు 8న కలిసి ప్రకటించాయి. శిఖరంపై ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని కొలవడంతో పాటు, గురుత్వ కొలతల నుండి అక్కడ జియోయిడ్ ఎక్కడ ఉన్నదో లెక్కించిన తరువాతనే ఈ సంఖ్య లభించినది.

ప్రయోజనాలు

2005లో కత్రినా తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌ను ముంచివేసిన తరువాత జరిగిన సాంకేతిక విచారణలో, కొన్ని వరద రక్షణ గోడలు ఉద్దేశించిన ఎత్తు కన్నా 1 నుండి 2 అడుగులు తక్కువగా కట్టబడినట్లు తేలినది. బెంచి మార్కుల ఎత్తునే స్థానిక సముద్ర మట్టంగా భావించడం ఇందుకు కారణం. అంతేకాక కట్టిన తరువాత నేల కూడా క్రుంగినది. క్రుంగిన బెంచి మార్కు నుండి కొలిచిన గోడ కాగితంమీద మాత్రమే ఎత్తుగా ఉంటుంది.

పల్లపు నేలలలో ఎత్తు సరిహద్దులను కూడా నిర్ణయిస్తుంది. కొల్లేరు సరస్సులో సముద్ర మట్టం నుండి +5 అడుగుల కాంటూరు వరకు గల సుమారు 308 చ.కి.మీ. ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను తొలగించారు. ఇటువంటి నేలలో కిలోమీటరుకు 10 సెం.మీ. మాత్రమే వాలు ఉన్నదనుకొంటే, ఎత్తులో 10 సెం.మీ. పొరపాటు కాంటూరు గీతను ఒక కిలోమీటరు అటో ఇటో జరుపుతుంది. ఎవరి చెరువు గీతకు లోపల, ఎవరిది వెలుపల అన్నది ఆ సెంటీమీటర్లలోనే ఉంటుంది. గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలకు, మురుగు కాలువలకు, తుఫాను ఉప్పెన అంచనాలకు కూడా ఇదే వర్తిస్తుంది.

పరిమితులు

జియోయిడ్ ఆధారిత విధానం లెవెలింగ్‌ను పూర్తిగా తొలగించదు. ఒక వంతెన, ఒక కర్మాగారం, ఒక కాలువ తూము వంటి చిన్న పరిధిలో మిల్లీమీటర్ల కచ్చితత్వం కావలసినచోట లెవెల్ యంత్రమే నేటికీ శ్రేష్ఠం. జీపీఎస్‌లో నిలువు కొలత అడ్డు కొలత కన్నా తక్కువ కచ్చితమైనది, ఎందుకనగా ఉపగ్రహాలు తలపైన మాత్రమే కనిపిస్తాయి, భూమికి అవతలివైపువి కనిపించవు. ఎత్తైన భవనాల నడుమ, దట్టమైన చెట్ల క్రింద సంకేతాలు సరిగా అందవు. ఎత్తైన పర్వత ప్రాంతాలలో శిలల సాంద్రత తెలియనందున జియోయిడ్ లెక్కలోనూ దోషం ఎక్కువ.

ఒక దేశం క్రొత్త వ్యవస్థకు మారినప్పుడు కదలని కొండకు కూడా క్రొత్త అంకె వస్తుంది. పాత పటాలు, ఆనకట్టల రికార్డులు, వరద గీతలు పాత ఆధారంతోనే ఉంటాయి. కనుక ప్రతి ఎత్తు ప్రక్కన అది ఏ వ్యవస్థకు చెందినదో, ఏ సంవత్సరంలో కొలిచినదో తప్పక వ్రాయవలెను. ఆధారం పేర్కొనని ఎత్తును, ఎంత సూక్ష్మంగా కొలిచినదైనను, మరొక చోటి ఎత్తుతో పోల్చుటకు వీలుకాదు.